నిరాధార ఆధారం

జంఝావతి విశ్వవిద్యాలయంలో పరిశోధనకి లోటు లేదు. లోటల్లా ఐకమత్యానికే. ఈ సంగతి కిందటేడు వచ్చిన మదింపు బృందం కనిపెట్టింది. వైద్య కళాశాల వాళ్ళకి ఇంజనీరింగు వాళ్ళ మొహాలు తెలియవనీ, ఆహార విజ్ఞానం వాళ్ళు జున్ను చేసుకుంటే పక్క గదిలో ఉన్న వన్యప్రాణి శాఖకి ముక్క కూడా పెట్టరనీ, ఇలా ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని కనిపెట్టేది దేశానికి పనికిరాదనీ రాసిపెట్టి, భోంచేసి వెళ్ళిపోయింది.

ఆ రాతని మామూలుగా అందరూ మర్చిపోయేవారే. కాని పరిశోధన సమన్వయ పీఠానికి అధిపతి ఆచార్య చింతాడ విశ్వంభరంగారు మర్చిపోలేదు. ఆయన తెలుగు శాఖ నుంచి ఆ కుర్చీలోకి వచ్చినవారు. మంచివారు. జీవితంలో ఎవరి కడుపూ కొట్టలేదు, ఎవరి మాటా వినలేదు. పడుకునే ముందు నిఘంటువు చదువుకుంటారనీ, బాగున్నచోట ఆగి భార్యని లేపి వినిపిస్తారనీ చెప్పుకుంటారు. అలా లేపిన ఒక రాత్రి ఆయనకి ఐకమత్యం ఎక్కడ దొరుకుతుందో తట్టింది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"ఇకమీదట సమస్త శాఖల పరిశోధనల శీర్షికలూ తెలుగునందే ఉండవలెను. ఏయే శీర్షికలందు ఒకే మాట కానవచ్చునో అవి ఒకే పరిశోధనగా పరిగణింపబడును. ఒకే మాట, ఒకే పద్ధతి. ఇందు నిమిత్తం ఎట్టి మినహాయింపులూ కోరరాదు."

ఆ ఉత్తర్వు నోటీసు బోర్డుకి ఎక్కిన వేళకి డాక్టర్ ఇప్పిలి గౌరీశ్వరి మెడ పైకెత్తి ఒక దూలాన్ని చూస్తోంది.

గౌరీశ్వరి స్ట్రక్చరల్ ఇంజనీరింగులో అసిస్టెంట్ ప్రొఫెసర్. బాలికల హాస్టల్లో డిప్యూటీ వార్డెన్ కూడా కావడంతో మూడు పూటలూ అక్కడి భోజనశాలలోనే తింటుంది. ఆ హాలుకి నడుమ అడ్డంగా ఒక సిమెంటు దూలం ఉంది. పైన నీళ్ళ ట్యాంకు కారి కారి లోపలి ఇనుము తుప్పుపట్టింది. గోడ దగ్గర దూలానికి వాలుగా ఒక పగులు పడింది. వానాకాలంలో గీతలా ఉండేది ఇప్పుడు వేలు దూరేంత అయింది. అలాంటి పగులు చూస్తే ఆవిడ చదువుకున్న చదువు ఒకటే మాట చెబుతుంది. హాలు ఖాళీ చెయ్యి, కింద ఇనప ఊతలు పెట్టు, ఆ తరవాత మిగతాది ఆలోచించు.

పిల్లలు మాత్రం ఆ దూలం కిందే తింటారు. హాల్లో సరిగా తిరిగే ఫేను అక్కడే ఉంది.

గౌరీశ్వరి కట్టడాల విభాగానికి ఉత్తరం పెట్టింది. అందులో పొరపాటున "పరిశీలించగా తేలినది" అని రాసింది. పరిశీలించింది అధ్యాపకురాలు కాబట్టి ఇది పరిశోధన అవుతుందనీ, పరిశోధన తమ పరిధిలోకి రాదనీ వాళ్ళు ఉత్తరాన్ని పీఠానికి పంపేశారు. పీఠం దానికి తెలుగు శీర్షిక అడిగింది. ఆవిడ తొందరలో "భోజనశాల దూలం విరుగుట" అని రాసిచ్చింది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

సమావేశానికి వెళ్ళేసరికి బల్ల చుట్టూ మరో ముగ్గురున్నారు. వైద్య కళాశాల ఎముకల డాక్టరు పొట్నూరు సన్యాసిరాజుగారు. ఆయనది "ముసలివారిలో తుంటి ఎముక విరుగుట". ఆహార విజ్ఞానం నుంచి కణితి మణిమాలగారు. ఆవిడది "కొండ ఊళ్ళ నుంచి వచ్చు పాలు దారిలో విరుగుట". వన్యప్రాణి శాఖ నుంచి నిమ్మక సోమేశ్వరరావు. ఏనుగుల వెంట అడవిలో తిరిగి తిరిగి మనుషుల మధ్య కూర్చోవడం ఇబ్బందిగా ఉండే మనిషి. అతనిది "ఏనుగుల మేతలో కొమ్మలు విరుగుట".

"విరుగుట!" అన్నారు విశ్వంభరంగారు. ఆ మాటని తమలపాకు చిలకలా బుగ్గన పెట్టుకుని కాసేపు ఆస్వాదించారు. "ఎముక విరుగును, పాలు విరుగును, కొమ్మ విరుగును, దూలము విరుగును. ఇంగ్లీషులో దేనికది వేరే మాటట. అందుకే వాళ్ళ శాఖలు విడిపోయాయి. మన పూర్వులు నాలుగింటికీ ఒక్క మాట పెట్టారే, ఊరికే పెడతారా?"

"పాలు విరగడం వేరండీ," అంది గౌరీశ్వరి. "పాలు విరిగితే పారబోస్తాం. దూలం విరిగితే పిల్లలు పోతారు."

"పారబోయం," అన్నారు మణిమాలగారు నొచ్చుకుని. "పంచదార వేసి కోవా చేస్తాం."

"అదీ!" అన్నారు విశ్వంభరంగారు. "ఆశావహ దృక్పథం అంటే అది. దూలం విరిగినచో ఏమేమి చేయవచ్చునో మీరు కూడా ఆలోచించండమ్మా."

తరవాత పద్ధతుల ప్రస్తావన వచ్చింది. ఏ శాఖ పద్ధతినీ చిన్నబుచ్చకూడదనీ, నాలుగు పద్ధతులూ నాలుగింటికీ సమానంగా వర్తించాలనీ పీఠం నిర్ణయం. ఎవరి పద్ధతి వాళ్ళు చెప్పమన్నారు.

సన్యాసిరాజుగారు గొంతు సవరించుకున్నారు. "మా దగ్గర సమ్మతి పత్రం లేందే మనిషి మీద చెయ్యి వెయ్యం. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకునే హక్కు కూడా అందులోనే రాస్తాం. తరవాత సగం మందికి మందిస్తాం, సగం మందికి ఉత్తుత్తి గోళీ ఇస్తాం. ఎవరికి ఏది వెళ్ళిందో పేషెంటుకీ తెలీదు, డాక్టరుకీ తెలీదు."

"ఉత్తుత్తి గోళీ!" విశ్వంభరంగారు కలం తీశారు. "నిరౌషధ ఔషధము. ఆహా."

మణిమాలగారు తమ రుచి మండలి గురించి చెప్పారు. ఏ పదార్థమైనా మండలి సభ్యులు చూసి, వాసన పట్టి, నోట్లో వేసుకుని మార్కులు వెయ్యాలి. పైన వాడుక గడువు ముద్ర కొట్టాలి. సోమేశ్వరరావు నేల చూపులు చూస్తూ, "మేం జంతువు దగ్గరకి వెళ్ళం సార్. దూరంగా చెట్టుకి కెమెరా కట్టేసి వచ్చేస్తాం. దాని నడవడికి మనం అడ్డు రాకూడదు," అన్నాడు.

గౌరీశ్వరి వంతు వచ్చింది. ఆవిడకి అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. "మేం విరిగేదాకా బరువు పెడతామండి," అంది.

సన్యాసిరాజుగారు కంగారుగా, "మా ముసిలోళ్ళ మీదా?" అన్నారు.

"దశలవారీగా," అన్నారు విశ్వంభరంగారు.

"సార్, ఇవన్నీ జరుగుతాయి సరే. ఈలోగా హాలు ఖాళీ చేయించండి," అంది గౌరీశ్వరి.

"ఈలోగా అనునది పద్ధతిలో లేదమ్మా," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

గౌరీశ్వరి ఊరుకోలేదు. మాట మారిస్తే గుంపు మారుతుంది కదా అని ఇంటికెళ్ళి "దూలం వంగుట" అని కొత్త దరఖాస్తు పెట్టింది. పీఠం కంప్యూటరు మొదటి అక్షరాలు చూసి కలిపే రకం. మర్నాడు ఆవిడని వంగతోటల పరిశోధనలో చేర్చినట్టు కబురొచ్చింది. ఉద్యానశాఖ వాళ్ళు మర్యాదస్తులు, నారు కూడా పంపారు. పట్టు వదలకుండా "దూలం కూలుట" అని పెట్టింది. ఈసారి వ్యవసాయ కూలీల వలసల మీద పనిచేస్తున్న గుంపులో పడింది. మీ దూలం ఏ నెలలో వలసపోతుంది, పిల్లల్ని కూడా తీసుకుపోతుందా అని వాళ్ళు అడిగిన ప్రశ్నలకి జవాబు రాయలేక విరుగుటకే తిరిగొచ్చింది.

ఈలోగా పద్ధతి మొదలైపోయింది.

సన్యాసిరాజుగారు తెలివైనవారు. ముసలివాళ్ళ ఒళ్ళో మనవల్ని కూర్చోబెట్టి దాన్నే బరువు కింద నమోదు చేశారు. ఒక ముసలమ్మ, "ఈడికంటే బరువైనోడు ఇంటికాడ ఉన్నాడు బాబూ, తెచ్చీమంతావేటి?" అని ఉత్సాహంగా అడిగిందట. మణిమాలగారు పాలకేన్ల నడవడికి అడ్డు రాకుండా దూరంగా పొదలో కూర్చుని బైనాక్యులర్సుతో చూశారు. పాలు విరిగాయో లేదో అంత దూరం నుంచి ఆవిడకి తెలియలేదు. తెలియలేదన్నదే ఫలితంగా రాశారు.

సోమేశ్వరరావు సంగతే జాలి. ఏనుగుల సమ్మతి తీసుకురమ్మని పత్రాలు, వేలిముద్రల సిరాపెట్టె ఇచ్చి అడవికి పంపారు. ఒక పత్రాన్ని ఏనుగు తినేసింది. ఇంకో పత్రం మీద బురద మచ్చ పడింది. తిన్నదాన్ని "స్వీకరించినట్లు" గానూ, మచ్చని వేలిముద్రగానూ పీఠం ఆమోదించింది. అది ఏనుగు ముద్రేనని సోమేశ్వరరావు చేత సంతకం పెట్టించారు.

దూలం సమ్మతి కొంచెం చర్చకి వచ్చింది. మైనరైతే సంరక్షకులు సంతకం పెట్టాలి. భవనం కట్టి పద్దెనిమిదేళ్ళు దాటిపోయిందని రికార్డుల్లో తేలడంతో దూలం మేజరే అన్నారు. నిచ్చెన వేసుకుని పత్రాన్ని పగులు పక్కన అదిమిపెట్టి ముద్ర తీసుకున్నారు. రుచి మండలి అదే నిచ్చెన ఒకరి తరవాత ఒకరుగా ఎక్కింది. రంగు ఫరవాలేదు, వాసన పాతబడింది, నాలుకకి గరగరలాడింది, మొత్తం మీద "ఒక మోస్తరుగా నచ్చింది" అని మార్కులు వేసి, వచ్చే ఏడాది ఉగాది లోపల వాడవలెనని దూలం మీద ముద్ర కొట్టి దిగింది.

చివరికి ఊతల మాట వచ్చింది. గౌరీశ్వరి ప్రాణం లేచొచ్చింది. ఎంత పిచ్చిగా నడిచినా ఊత అంటూ పడితే చాలు అనుకుంది. కాని వైద్యుల పద్ధతిని ఎక్కడ వాడాలో విశ్వంభరంగారికి అప్పటికే తెలిసిపోయింది.

"రెండు హాళ్ళు ఎంచుకున్నాం," అన్నారు. "ఒకటి బాలికల భోజనశాల, రెండవది అతిథిగృహం భోజనశాల. ఒకదానిలో నిజమైన ఇనప ఊతలు. రెండవదానిలో ఉత్తుత్తి ఊతలు. అన్నిటికీ ఒకే రకం పచ్చగుడ్డ చుట్టి, విశ్వవిద్యాలయ ముద్ర వేస్తాం. దేనిలో ఏది ఉన్నదో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఈ రెండవ రకమునకు నేనొక పేరు పెట్టాను." ఆయన చిరునవ్వు నవ్వారు. "నిరాధార ఆధారము."

"అతిథిగృహం దూలానికి పగులే లేదండీ!"

"ఆరోగ్యవంతులు కూడా ఉండాలమ్మా," అన్నారు సన్యాసిరాజుగారు. "పోల్చుకోవద్దూ?"

"పిల్లలుండే చోట ఇనుమే పెట్టించండి. మిగతా పద్ధతంతా మీ ఇష్టం. మీకు దణ్ణం పెడతాను."

"అప్పుడు పక్షపాతం అవుతుంది. ఊత వేశారన్న నమ్మకంతోనే సగం నయమైపోతుందండీ. మా వార్డులో రోజూ చూస్తున్నాను," అన్నారు సన్యాసిరాజుగారు.

"ఆ నమ్మకం ఎవరికుండాలి డాక్టరుగారూ?"

"దూలానికి," అన్నారు విశ్వంభరంగారు.

ఊతలు వచ్చాయి, పచ్చగా, నిటారుగా. భోజనశాలకి పెళ్ళికళ వచ్చిందని పిల్లలు మురిసిపోయారు. అందరూ వెళ్ళిపోయాక గౌరీశ్వరి వెళ్ళి ఒక ఊత మీద వేలి కణుపుతో కొట్టింది. ఇనుమైతే ఠంగుమనాలి. అది మెత్తగా, దిండు మీద కొట్టినట్టు పలికింది. గుడ్డ పక్కకి లాగి చూసింది. టీవీ డబ్బాల్లో సర్దే తెల్లటి థర్మోకోలు.

ఆవిడ గుడ్డ లాగడాన్ని మూల నుంచి కెమెరా చూసింది. వన్యప్రాణి పద్ధతి ప్రకారం దూలం నడవడిని గమనించడానికి కట్టిన కెమెరా అది. మర్నాడు నోటీసు వచ్చింది. "తెలియరానిది తెలిసికొన్నందులకును, దూలము యొక్క సహజ ప్రవర్తనకు అంతరాయము కలిగించినందులకును" ఆవిడ ఇకమీదట భోజనశాల ఛాయలకి రాకూడదు. ఏనుగుల దగ్గర పాటించే దూరమే దూలం దగ్గరా పాటించాలి.

గౌరీశ్వరికి కోపం అంతకుముందే అయిపోయింది. ఇప్పుడు భయం పట్టుకుంది. హాస్టల్ మెట్ల దగ్గర కనబడిన ఝాన్సీ అనే బీఎస్సీ పిల్లని ఆపి చెప్పింది.

"ఆ ఫేను కింద కూర్చోకండమ్మా. నా మాట వినండి."

"అదేటి మేడం? ఆ ఒక్క ఫేనే గదా తిరుగుతాది. ఊతలు కూడా ఏసీసినారు, ఇంక భయమేటి?"

"అవి ఊతలు కావు. థర్మోకోలు."

ఝాన్సీ పకపకా నవ్వింది. "భలే జోకులేస్తారు మేడం మీరు. పైన యూనివర్సిటీ ముద్ర కూడా ఉంది గదా!" అని కంచం ఊపుకుంటూ వెళ్ళిపోయింది. సన్యాసిరాజుగారు చెప్పింది నిజమే, నమ్మకం బాగానే పనిచేస్తోంది. ఎటొచ్చీ దూలం మీద కాదు.

ఆ పూటే గౌరీశ్వరి నిషేధాన్ని పక్కనపెట్టి భోజనశాలకి సొంతంగా తాళం వేసేసింది. పీఠం వాళ్ళు వచ్చి తాళం విరగ్గొట్టారు. విరగ్గొట్టాం కాబట్టి దాన్ని కూడా పరిశోధనలో ఐదో అంశంగా చేర్చారు. ఆవిడ మీద రెండో నోటీసు వచ్చింది. మూడోది వస్తే ఉద్యోగం ఉండదని కింద రాసి ఉంది.

కెమెరా బొమ్మలు చూసే పని సోమేశ్వరరావుది. వాటిని చూస్తూ అతను వన్యప్రాణి శాఖ వరండాలో కూర్చుంటే గౌరీశ్వరి వెళ్ళి పక్కన కూలబడింది. అన్ని బొమ్మల్లోనూ దూలమే. ఏ బొమ్మలోనూ నడవడి ఏమీ లేదు. పగులు మాత్రం బొమ్మ బొమ్మకీ నోరు తెరుస్తోంది. అవన్నీ పీఠానికి వెళ్తున్నాయి. "సహజము" అని రాసి పీఠం దాచుకుంటోంది.

ఒక బొమ్మ దగ్గర ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. దూలం మీద ఒక చివర చీకట్లో ఏదో తోక.

"ఇదేంటండీ?"

"సంపెంగి మేడం. మెస్సు పిల్లి. చేపలు వండిన రోజు ముక్క నోట కరుచుకుని పైకెక్కి తింటుంది."

గౌరీశ్వరి ఆ తోకని చాలాసేపు చూసింది. "పునుగుపిల్లి కాదా?"

సోమేశ్వరరావు అదిరిపడ్డాడు. "నాకు అబద్ధం రాయడం రాదు మేడం. బురద మచ్చ మీద ఏనుగు ముద్ర అని సంతకం పెట్టొచ్చాక నాకు అన్నం సయించలేదు. మా అమ్మ దిష్టి కూడా తీసింది."

"అబద్ధం వద్దు. మీరు శాస్త్రవేత్త కదా. ఈ బొమ్మ చూసి, ఇది పునుగుపిల్లి కాదని ప్రమాణం చేసి చెప్పగలరా?"

అతను బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. "వెలుతురు లేదు. మొహం పడలేదు. తోక మీద చారలున్నాయో దూలం నీడో తెలియడం లేదు." బొమ్మ కింద పెట్టాడు. "కాదని చెప్పలేను."

"అదే రాయండి. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాయొద్దు."

అతను రాశాడు. "లభ్యమైన తోకను బట్టి ఇది పునుగుపిల్లి అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేము."

ఆ వాక్యం చదివి విశ్వంభరంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. స్వామివారి అభిషేకానికి తైలం ఇచ్చే జీవి తమ పరిశోధన దూలం మీదికి తానై వచ్చిందంటే ఇంక కావలసిందేముంది? సాయంత్రానికి ఉత్తర్వు సిద్ధమైంది. బాలికల భోజనశాల సంరక్షిత వన్యప్రాణి ఆవాసం. మనుష్య సంచారం నిషిద్ధం. పిల్లల ప్రాణాలకోసం పడని తాళం పిల్లి తోకకోసం పడింది. ఆ తాళం చూసి గౌరీశ్వరికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

పిల్లలకి ఆరుబయట షామియానా వేశారు. ఎండా, ఈగలూ, కంచంలో దుమ్మూ. కనీసం ఆ ఫేనైనా ఇప్పించమని ఝాన్సీ వాళ్ళు ఉత్తరం పెట్టుకున్నారు. జీవి ఆ గాలికి అలవాటు పడి ఉంటుందని పీఠం ఫేను ఇవ్వలేదు. పైగా రోజంతా ఆపకుండా తిప్పమంది. ఆ పిల్లలు గౌరీశ్వరితో మాట్లాడటం మానేశారు. ఆవిడ మాత్రం వాళ్ళ మధ్యే కూర్చుని, ఆ దుమ్మే తింటూ, ఎన్నాళ్ళకో కడుపునిండా భోంచేసింది.

ఒక మధ్యాహ్నం దోసకాయ పప్పు వడ్డిస్తుండగా దూలం విరిగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. ముందు టపటపమని పెచ్చులు రాలిన చప్పుడు, తరవాత నేల అదిరింది, కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము బయటికి తన్నుకొచ్చింది. తలుపు సందులోంచి చూస్తే హాలు నడుమ ఆకాశం కనబడుతోంది. ఫేను, దాని కింది బల్లా, బెంచీలూ దూలం కింద నలిగి ఉన్నాయి. చుట్టూ థర్మోకోలు పూసలు మల్లెపూలలా చెదిరిపడ్డాయి. సంపెంగి షామియానా కిందే, ఎవరిదో కంచం పక్కన కూర్చుని మూతి నాకుకుంటోంది.

ఝాన్సీ కంచం వదిలేసి పరుగున వచ్చి గౌరీశ్వరిని వాటేసుకుంది. "నాను రోజూ ఆ బల్ల మీదే తింటాను మేడం," అంది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. గౌరీశ్వరి ఆ పిల్ల వీపు నిమురుతూ నిలబడింది. ఇంక అయిపోయింది, ఇప్పటికైనా వీళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయి అనుకుంది.

ముగింపు సమావేశం వారం తిరక్కుండానే పెట్టారు. అదే బల్ల, అదే మనుషులు. కొత్తగా మదింపు బృందం పెద్దాయన ఒకరు కాలికి సిమెంటు కట్టుతో చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆయన ఇదివరకు వచ్చి వెళ్ళినాయనే. ఐకమత్యం ఎంతవరకు వచ్చిందో చూద్దామని మళ్ళీ వచ్చి, అతిథిగృహంలో భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ, దారికి అడ్డంగా ఉన్న ఇనప ఊతని తన్నుకుని పడ్డారు. చీలమండ ఎముక విరిగింది. సన్యాసిరాజుగారే కట్టు కట్టారు.

విశ్వంభరంగారు లేచారు. "సోదర సోదరీమణులారా, తెరలు తొలగించవలసిన సమయం వచ్చింది. నిజమైన ఊతలు అతిథిగృహంలోను, నిరాధార ఆధారములు బాలికల భోజనశాలలోను వాడబడినవి. ఇప్పుడు ఫలితములు. నిజమైన ఊతలు వాడిన చోట గాయపడినవారు, ఒకరు." చక్రాల కుర్చీ వైపు గౌరవంగా వంగారు. "నిరాధార ఆధారములు వాడిన చోట గాయపడినవారు, ఎవరూ లేరు."

చప్పట్లు మోగాయి. చక్రాల కుర్చీ పెద్దాయన కూడా కొట్టారు.

"దూలం పడిపోయిందండీ!" అని అరిచింది గౌరీశ్వరి. "హాలు మొత్తం కూలిపోయింది!"

"అమ్మా, దూలం పడిపోలేదు," అన్నారు విశ్వంభరంగారు ఓపికగా. సమ్మతి పత్రం తీసి, అద్దాలు సర్దుకుని చదివారు. "పరిశోధన నుండి ఎప్పుడైననూ తప్పుకొను హక్కు కలదు. దూలం తన హక్కును వినియోగించుకొన్నది. దానిని మనం గౌరవించాలి."

"వైద్య నీతి అదేనండీ," అన్నారు సన్యాసిరాజుగారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. మనుషులకు ప్రమాదకరమని తేలినందున విశ్వవిద్యాలయంలో ఎక్కడ ఇనప ఊతలున్నా తీసివేయాలి. పగుళ్ళున్న భవనాలన్నిటికీ నిరాధార ఆధారాలు అమర్చాలి. గ్రంథాలయం, పరీక్షల హాలు, ఆసుపత్రిలో ఎముకల వార్డు. మొదటి విడత పచ్చగుడ్డ కుట్టడం అప్పటికే మొదలైంది. విశ్వంభరంగారు కళ్ళు తుడుచుకున్నారు. నిజంగానే తుడుచుకున్నారు, అదే బాధ.

గౌరీశ్వరికి మనసు విరిగిపోయింది. ఆ మాట పైకి అనలేదు. అంటే దాన్ని ఆరో అంశంగా చేర్చి, నిచ్చెన వేసి రుచి చూస్తారు.

ఆవిడ బయటికొచ్చి తిన్నగా మెస్సు వంటింటి వైపు నడిచింది. ఇంత చదువూ చదివి, దూలాలు విరక్కుండా ఆపే విద్య నేర్చి, తను వెతుక్కుంటూ పోతున్నది ఒక పిల్లి కోసమని తలుచుకుంటే సిగ్గేసింది. సిగ్గు పడుతూనే నడిచింది.

వంటింటి గుమ్మం దగ్గర సోమేశ్వరరావు అప్పటికే ఉన్నాడు. పక్కన మూత ఉన్న వెదురు బుట్ట. సంపెంగి అతని ఒళ్ళో కూర్చుని, అతను పెడుతున్న చేప ముక్క తింటోంది. ఆవిడని చూసి అతను తల దించుకోలేదు.

"ముందు గ్రంథాలయమా మేడం, వార్డా?"

"వార్డు," అంది గౌరీశ్వరి. "వాళ్ళు లేచి పరిగెత్తలేరు."

అతను పిల్లిని బుట్టలో పెట్టి మూత వేశాడు. ఆవిడ ఇంకో రెండు చేప ముక్కలు ఆకులో చుట్టి తీసుకుంది. తోక మటుకే బొమ్మలో పడేలా ఆ ముక్కల్ని దూలం మీద ఏ వైపు పెట్టాలో మాట్లాడుకుంటూ ఇద్దరూ ఆసుపత్రి దారి పట్టారు.